ఆడుకొనుటకు చోటేది?

సాయంకాలము బడిగంట మ్రోగినది మొదలు ఇంట దీపము పెట్టు వేళ వరకు గల కాలము పిల్లలది. ఒకటి రెండు తరముల క్రిందట ఆ వేళలో పిల్లలెక్కడ ఉన్నారని ఎవ్వరును విచారించెడివారు కారు. వీధిలోనో, చెరువుగట్టుననో, గుడిముందరి ఖాళీస్థలముననో ఉండెడివారు. ఆకలియైనపుడు వారే ఇల్లు చేరెడివారు. నేడు నగరములలో ఆ ప్రశ్నకు వేరు సమాధానములు వచ్చుచున్నవి. పిల్లవాడు ట్యూషనులో ఉన్నాడు. లేదా బడిబస్సులో ఉన్నాడు. లేదా నాలుగవ అంతస్తులోని గదిలో సెల్‌ఫోను చేతబట్టుకొని కూర్చున్నాడు. “ఎప్పుడు చూచినను ఆ ఫోనేనా? బయటికి పోయి ఆడుకొనరాదా?” అని మనము మందలింతుము. ఆ పిల్లవాడు తిరిగి “ఎక్కడికి పోవలెను?” అని అడిగినచో మనలో ఎందరు సమాధానము చెప్పగలరు?

మందలించుటకు ముందు చోటు చూపవలెను. ఈ ప్రసంగమున మేము విచారింపదలచినది ఆ చోటును గూర్చియే: నగరములో మంచి ఆటస్థలమును గుర్తించుట ఎట్లు, దానిని పిల్లలకు అలవాటు చేయుట ఎట్లు, లేనిచోట సంపాదించుకొనుట ఎట్లు. మా అభిప్రాయమును ముందుగనే చెప్పివేయుదుము. మంచి ఆటస్థలమునకు వైశాల్యము ప్రధానము కాదు. రంగురంగుల పరికరములును ప్రధానము కావు. పిల్లవాడు ప్రతిదినము కాలినడకను పోగలిగినంత దగ్గరగా ఉండుట, అక్కడ తోటిపిల్లలు దొరకుట, ఈ రెండును ప్రధానము. నెలకొకసారి కారులో తీసికొనిపోవు గొప్ప ఉద్యానము విహారస్థలము కావచ్చును గాని ఆటస్థలము కాజాలదు.

ఆటలవలన చదువు చెడునని భయపడు తల్లిదండ్రులు ఇంకను ఉన్నారు. వారికొరకు కొన్ని సంగతులు చెప్పవలసి యున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూత్రముల ప్రకారము అయిదు మొదలు పదునేడేండ్ల వరకు వయస్సుగల పిల్లలకు దినమునకు సగటున కనీసము 60 నిమిషములు, గుండె వేగముగా కొట్టుకొని ఊపిరి బలముగా ఆడునంతటి శరీరశ్రమ అవసరము. మూడు నాలుగేండ్ల పసివారికి అదే సంస్థ 2019లో ఇంకను ఎక్కువ కాలము చెప్పినది: దినమంతటిలో కలిపి 180 నిమిషముల కదలిక, అందులో 60 నిమిషములైనను చురుకైన కదలిక ఉండవలెను. ఈ గంటను వ్యాయామోపాధ్యాయుడు వచ్చి కూర్చి పెట్టనక్కరలేదు. చెడుగుడు, కోతికొమ్మచ్చి, ఏడుపెంకులాట ఆడుచున్న పిల్లలు తమకు తెలియకయే ఆ లెక్కను పూర్తి చేయుదురు.

కన్నుల సంగతి మరింత విశేషమైనది. దగ్గరి వస్తువులు కనబడి దూరపు వస్తువులు మసకబారు దోషమును హ్రస్వదృష్టి అందురు. పలకమీది అక్షరములు కనబడక కన్నులు చికిలించు పిల్లలను ఉపాధ్యాయులు ఎరుగుదురు. ఈ దోషమును గూర్చి చైనాదేశపు గ్వాంగ్‌ఝౌ నగరమున పండ్రెండు ప్రాథమిక పాఠశాలలలో ఒక పరిశోధన జరిగినది. ఆరు బడులలో పిల్లలకు ప్రతిదినము అదనముగా 40 నిమిషములు ఆరుబయట గడుపు ఏర్పాటు చేసిరి. తక్కిన ఆరింట మామూలు పద్ధతియే నడచినది. మూడేండ్లకు చూడగా మామూలు బడులలో నూటికి 39.5 పాళ్ళ పిల్లలకు ఈ దోషము క్రొత్తగా ఏర్పడినది. ఆరుబయట గడిపిన వారిలో 30.4 పాళ్ళకే ఏర్పడినది. ఈ ఫలితములు 2015లో ప్రకటింపబడినవి. ఆరుబయటి వెలుతురు గదిలోని దీపపు వెలుతురుకంటె ఎన్నోరెట్లు హెచ్చైనది. అది కంటిలోపలి పొరపై పనిచేసి, కనుగ్రుడ్డు అతిగా సాగకుండ కాపాడునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. చెట్టునీడలోని వెలుతురు సహితము గదిలోని దానికంటె మిక్కిలి ఎక్కువ. కావున పిల్లలను మండుటెండలో నిలుపవలసిన పనిలేదు. నీడపట్టున ఆడినను ఫలము దక్కును.

శరీరమునకు కలుగు ఈ లాభములకంటె గొప్పలాభము మరొకటి కలదు. పెద్దలు లేనిచోట పదిమంది పిల్లలు ఆట మొదలుపెట్టుటను ఎప్పుడైన గమనింపుడు. మొదట పంటలు వేసికొని దొంగ యెవరో తేల్చుకొందురు. తరువాత ఎల్లలు ఏర్పరచుకొందురు: ఆ చెట్టు దాటరాదు, ఈ అరుగు ఎక్కరాదు. ఒకడు తొండి చేయును. తగవు వచ్చును. ఆట ఆగిపోయినచో అందరికిని నష్టమే కావున రెండు నిమిషములలో తామే రాజీపడుదురు. చెప్పు తెగినవాడో, దాహము వేసినవాడో ‘తూచ్’ అన్నచో వానిని ఎవ్వరును పట్టుకొనరు. చిన్నతమ్ముడు వెంటబడి వచ్చినచో వానిని తరిమివేయక, గెలుపోటములు అంటని అరటిపండుగా ఆటలో కలుపుకొందురు. చట్టము చేయుట, న్యాయము విచారించుట, సంధి చేసికొనుట, చిన్నవారియెడ దయ చూపుట, ఇవన్నియు ఒక సాయంకాలమున ఒక చెట్టుక్రింద గురువు లేకయే నేర్చుకొనుచున్నారు. సెల్‌ఫోనులోని ఆట ఈ పాఠము చెప్పలేదు. అందలి నియమములను ఎవరో ఎక్కడనో వ్రాసిపెట్టినారు. పిల్లవాడు వానిని మార్చలేడు, వానితో వాదింపలేడు.

ఇంతటి మేలు చేయు ఆట నగరములలో ఏల తరిగినది? ప్రధానకారణము చోటు తరుగుటయే. ఇండ్లనడుమ ఖాళీగా ఉన్న స్థలములలో భవనములు లేచినవి. అపార్టుమెంట్ల నేలమట్టము కారులకు, స్కూటర్లకు వదలివేయబడినది. ఒకప్పుడు వీధియే పిల్లల మైదానము. నేడు వీధికి రెండువైపుల వాహనములు నిలిచియుండగా, మిగిలిన నడిమిభాగమున మరికొన్ని పరుగెత్తుచున్నవి. అందువలన తల్లి పిల్లను గడప దాటనీయదు. ఆమె భయము నిరాధారమైనదని మేము అనము. ఐనను భయమునకు విరుగుడు తలుపు మూయుట కాదు. భయములేని చోటును వెదకుట.

ఆ వెదకుటకు ఒక సులభమైన పద్ధతి కలదు. ఒక సాయంకాలము అయిదు గంటలకు పిల్లను వెంటబెట్టుకొని, ఇంటినుండి నాలుగు దిక్కులకును పదేసి నిమిషములు నడచి చూడుడు. పెద్దవారి నడకతో కాదు, పిల్ల నడకతోనే. కారులో పోవునపుడు కనబడని చోట్లు కాలినడకను కనబడును. పురపాలకసంఘమువారి పార్కు ఉండవచ్చును. ప్రభుత్వ పాఠశాల ఆవరణ ఉండవచ్చును. లేఅవుటు వేసినపుడు ప్రజలకొరకు విడిచిన ఖాళీస్థలము, నేడు తాళము వేసికొనియో, ఇటుకముక్కలతో నిండియో ఉండవచ్చును. గుడి, మసీదు, చర్చి ఆవరణలలో పెద్దల అనుమతితో ఆడుకొనదగిన మూల ఉండవచ్చును. రెండవ కొస మూసికొనిపోయిన సందు ఉండవచ్చును. అందులో ఆ సందువారి వాహనములు తప్ప రావు కావున అది చిన్నపిల్లలకు చక్కని చోటు.

పిల్లల ఆటలకు ఎంత కొద్దిచోటు చాలునో పెద్దలు మరచిపోవుదురు. గోళీలకు ఒక గుంట చాలును. బొంగరమునకు సుద్దతో గీచిన వలయము చాలును. తొక్కుడుబిళ్ళకు నాలుగైదు గజముల పొడవుగల నేల చాలును. దాగుడుమూతలకు ఖాళీస్థలముకంటె దాగుకొనుటకు మూలలే ముఖ్యము. ఖోఖో, చెడుగుడు, బిళ్ళంగోడు ఆడువారికే కొంత విశాలమైన చోటు కావలెను. అందులోను బిళ్ళంగోడును జనము తిరుగు చోట ఆడనీయరాదు, ఎగిరిన బిళ్ళ కంటికి తగులు ప్రమాదము కలదు. కావున ఎకరముల కొలది మైదానము లేదని నిరాశ పడనక్కరలేదు.

చోట్లు కనబడిన పిమ్మట వానిలో మంచిదానిని ఎంచుట ఎట్లు? ఉదయము పది గంటలకు చూచిన పార్కు వేరు, సాయంకాలము చూచిన పార్కు వేరు. పిల్లలు ఆడు వేళకే పోయి చూడవలెను. అపుడు ఊయలలను కాదు, పిల్లలను లెక్కింపుడు. జారుడుబల్లలు మూడుండి పిల్లలు ఇద్దరున్న చోటుకంటె, ఒక వేపచెట్టు క్రింద పండ్రెండుగురు పిల్లలున్న చోటు మేలు. మా పిల్లల కార్యక్రమమునకు వచ్చు బాలబాలికలను ధ్వనిముద్రణకు ముందు బెరుకు తీర్చుటకై “మీరెక్కడ ఆడుకొందురు?” అని అడుగుట మాకు వాడుక. వారు చెప్పు జవాబులలో పరికరముల పేర్లకంటె స్నేహితుల పేర్లే ముందు వచ్చును.

రెండవది, అక్కడ పెద్దల చూపు ఉన్నదా? కావలి కాయుచు పిల్లలవెంట తిరుగువారు కానక్కరలేదు. బల్లమీద కూర్చున్న తాతగారు, ఎదుట కూరగాయలబండివాడు, బట్టలారవేయుచు వసారానుండి చూచు ఇల్లాలు, వీరి చూపే చాలును. ఎత్తైన ప్రహరీగోడల చాటున ఉండి వీధివారికి కనబడని పార్కుకంటె, కటకటాల కంచెగుండ లోపలిదంతయు కనబడు పార్కు క్షేమమైనది.

మూడవది నీడ. మన దేశములో ఇది లేనిదే తక్కినవన్నియు వ్యర్థము. వేప, కానుగ, రావి వంటి చెట్లున్న చోటును ఎంచుకొనుడు. అలంకారమునకై గన్నేరు, పచ్చగన్నేరు పొదలు నాటిన పార్కులు పెక్కు కలవు. ఇవి విషపుమొక్కలు. పచ్చగన్నేరు కాయలోని గింజ ప్రాణాపాయకరము. ఆకులు, కాయలు కోసి గుజ్జనగూళ్ళాడు పసివారికి ఈ సంగతి ముందుగనే చెప్పి ఉంచవలెను. ఆటస్థలముల దగ్గర వీనిని నాటవలదని పార్కు అధికారులను కోరవలెను.

నాలుగవది నేల. సిమెంటు చప్టామీద పడిన దెబ్బకును, ఇసుకలో పడిన దెబ్బకును ఎంతో భేదము కలదు. నాలుగడుగుల ఎత్తునుండి పడు అవకాశమున్న పరికరము క్రింద తొమ్మిది అంగుళముల లోతున వదులైన ఇసుక ఉండవలెనని అమెరికా ప్రభుత్వపు వినియోగవస్తు భద్రతాసంఘము వారి సూచన. పరికరమునకు చుట్టును ఆరడుగుల మేర ఏ అడ్డును లేక ఖాళీగా ఉండవలెనని కూడ వారు చెప్పుదురు. మెట్లనడుమ, కమ్ములనడుమ గల సందులు మూడున్నర అంగుళములకు మించి తొమ్మిది అంగుళములకు తక్కువగా ఉన్నచో పిల్లల శరీరము దూరిపోయి తల చిక్కుకొను ప్రమాదము కలదు. ఒక చిన్న కొలతబద్ద జేబులో వేసికొనిపోయి ఎవరైనను చూడవచ్చును. ఇనుప జారుడుబల్లను వేసవిలో పిల్లలు ఎక్కకమునుపు మీ అరచేతితో తాకి చూడుడు. చేయి పెట్టలేనంత కాలినచో సూర్యాస్తమయము వరకు దానిజోలికి పోనీయకుడు. తుప్పుపట్టిన గొలుసులు, ఊడిన మరలు, మూతలేని మ్యాన్‌హోలు, కంచెలేని ట్రాన్స్‌ఫార్మరు, గట్టులేని బావి, ఇవి కనబడినచో ఆ చోటు బాగుచేయబడు వరకు పనికిరాదు.

అయిదవది, త్రాగునీరును మరుగుదొడ్డియు. ఇవి లేనిచోట మగపిల్లలు ఎట్లో సర్దుకొందురు. ఆడపిల్లలు అరగంటకే ఇల్లు చేరుదురు. చివరిది దారి. ఆటస్థలము ఎంత బాగున్నను, నడుమ పెద్దరోడ్డు దాటవలసి వచ్చినచో పిల్లలు ఒంటరిగా పోజాలరు; అపుడది ప్రతిదినపు ఆటస్థలము కాదు.

ఈ లక్షణములతో మన నగరములను ఒకసారి చూతము. హైదరాబాదులో నాంపల్లి చేరువనున్న పబ్లిక్ గార్డెన్సు, అందలి జవహర్ బాలభవనము, డోమల్‌గూడలోని ఇందిరాపార్కు పెక్కుతరముల పిల్లలకు పరిచితములు. జూబిలీహిల్సు చెంతనున్న కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానమునకు ఉదయపు నడకకై వేలమంది పోవుదురు. అది నెమళ్ళకు, చెట్లకు ఆశ్రయమైన వనము గాని బంతి ఆడుకొను చోటు కాదు. విశాఖపట్టణమున రామకృష్ణా బీచి ఇసుక చెడుగుడుకు పెట్టినది పేరు. అక్కడి సముద్రము మాత్రము నమ్మదగినది కాదు, పిల్లలను ఇసుకకే పరిమితము చేయవలెను. చెన్నపట్టణమున మైలాపూరులో ఆంధ్రపత్రిక స్థాపకులు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేర వెలసిన పార్కు చుట్టుప్రక్కల ఇండ్ల పిల్లలకు నేటికిని నీడనిచ్చుచున్నది. ఇవన్నియు మంచిచోట్లే. అయినను వాని ప్రక్కన నివసించువారికే అవి ప్రతిదినపు ఆటస్థలములు. దూరపు పేటలలోని పిల్లలకు తమ వీధికి దగ్గరనున్న చిన్నచోటే గతి. ఆ చిన్నచోట్లే లెక్కకు ఎక్కువ కావలెను.

ఇది సాధ్యమేనా అని సందేహించువారికి హాలెండులోని ఆమ్‌స్టర్‌డామ్ నగరచరిత్ర సమాధానము చెప్పును. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఆ నగరమున పిల్లలు పెరిగినారు, చోటు తరిగినది. నగరపాలకసంఘమున పనిచేయుచున్న అల్డో వాన్ ఐక్ అను యువశిల్పి 1947లో ఒక చిన్న కూడలిలో మొదటి ఆటస్థలమును కూర్చినాడు. అందులో విశేషములేవియు లేవు: ఒక ఇసుకతొట్టి, ఎక్కి దుముకుటకు కొన్ని గుండ్రని రాళ్ళు, మొగ్గలు వేయుటకు ఇనుపకమ్ములు, చెట్లు, పెద్దలు కూర్చుండుటకు బల్లలు. దానిని చూచిన ఇరుగుపొరుగు పేటలవారు తమకును అట్టిది కావలెనని నగరపాలకసంఘమునకు ఉత్తరములు వ్రాయసాగిరి. కూలిన ఇండ్ల స్థలములు, వీధిమూలలు, ఎవరికిని పనికిరాక పడియున్న ముక్కలు ఒక్కొక్కటిగా ఆటస్థలములైనవి. 1978 నాటికి వాని సంఖ్య 700 దాటినది. ఒక మహామైదానమునకు బదులు ఏడువందల చిన్నచోట్లు! అవి వెలసినది ఒక శిల్పి బుద్ధిబలమువలననే కాదు, ఉత్తరము వ్రాసిన తల్లిదండ్రులవలన కూడ.

డెన్మార్కు దేశము మరొక పాఠము చెప్పినది. సోరెన్‌సెన్ అను ఉద్యానశిల్పి, పిల్లలు తాను శ్రద్ధతో నిర్మించిన ఆటస్థలములను విడిచి, ఇండ్లు కట్టుచోట పడియున్న కొయ్యముక్కలతోను ఇటుకలతోను ఆడుకొనుటకే ఇష్టపడుచున్నారని గ్రహించినాడు. ఆ ఊహతో 1943లో కోపెన్‌హాగెన్ నగరపు ఎమ్డ్రూప్ పేటలో పాతచెక్కలు, పెట్టెలు, పనిముట్లు ఇచ్చి, ఒక పెద్దమనిషిని తోడుంచి, పిల్లలు తామే కట్టుకొని తామే పడగొట్టుకొను ఆటస్థలము ఏర్పడినది. మన పిల్లలు ఇసుకలో పిచ్చుకగూళ్ళు కట్టుట, చింతగింజలతో వామనగుంటలాడుట ఇట్టివే. తామే చేసికొన్న ఆటవస్తువునందు పిల్లలకు మక్కువ ఎక్కువ. కావున ఖరీదైన పరికరములు లేవని చింతింపవలదు. ఒక బంతి, ఒక త్రాడు, ఒక సుద్దముక్క, ఏడు పెంకులు ఉన్నచో ఒక పేట పిల్లలకు ఏడాది పొడవునను ఆటలు గడచును.

ఇక పిల్లలను బయటికి రప్పించు ఉపాయములు. అలవాటుపడిన సెల్‌ఫోనును చేతినుండి లాగికొని బయటికి తరిమినచో పిల్లకు ఆటస్థలము శిక్షాస్థలమగును. అట్లు కాక మొదట ఒక వేళను నిర్ణయింపుడు. అయిదు మొదలు ఆరున్నర వరకు ఆటవేళయని ఇంటిల్లిపాదియు అంగీకరించినచో ట్యూషను, సంగీతపాఠము, చుట్టముల ఇండ్లకు పోవుట ఆ వేళను విడిచి ఏర్పాటు చేసికొనవచ్చును. ఆ గంటన్నరయు పెద్దలును తమ ఫోనులను ప్రక్కన బెట్టుట న్యాయము.

రెండవ ఉపాయము తోడు కుదుర్చుట. ఒంటరి పిల్ల ఆటస్థలమునకు పోయి గట్టున నిలుచుండి తిరిగివచ్చును. ప్రక్క వాటాలోని ఇద్దరు పిల్లల తల్లులతో మాటలాడి, ముగ్గురును ఒకే వేళకు బయలుదేరునట్లు చేయుడు. ముగ్గురు నాలుగు దినములు వరుసగా కనబడినచో అయిదవనాటికి ఆరుగురగుదురు. తల్లులు వంతులు వేసికొని, దినమునకొకరు బల్లమీద కూర్చున్నచో అందరి పనులును సాగును.

మూడవది, మాయు బట్టలు. మల్లెపువ్వువంటి చొక్కా తొడిగి “మట్టి అంటనీయకు” అని పంపుట, నీటిలో దింపి తడియవద్దని చెప్పుట వంటిది. ఆటకొక పాతజత ప్రత్యేకించుడు.

నాలుగవది, ఒక్క ఆట నేర్పుడు. తాతయ్యలు, అమ్మమ్మలు తాము ఆడిన ఆటలను నియమములతోసహా నేర్పవచ్చును. బొంగరమునకు త్రాడు చుట్టుట పుస్తకము చూచి వచ్చునది కాదు. నేర్పిన పిమ్మట మాత్రము పెద్దలు తప్పుకొనవలెను. ఆట నడుమ దూరి తీర్పులు చెప్పువారు పిల్లలకు అక్కరలేదు. రక్తము కారునంతటి దెబ్బ, ఒకనిని పలువురు చేరి ఏడిపించుట, ఇవి కనబడినపుడే కలుగజేసికొనవలెను. మోకాలు దోక్కొనుట ఆటలో భాగము. చెట్టుకొమ్మ ఎంతవరకు మోయునో, తానెంత ఎత్తునుండి దుముకగలడో చిన్న దెబ్బలే పిల్లలకు నేర్పును. పిల్ల చూచి అంచనా వేయగల సాహసము వేరు, పిల్లకు కనబడని ప్రమాదము వేరు. మొదటిదానిని ఉండనిచ్చి రెండవదానిని తొలగించుట పెద్దల పని.

అయిదవది, కాలమును బట్టి నడచుట. ఏప్రిలు, మే నెలలలో ఉదయము ఎనిమిది లోపలను, సాయంకాలము అయిదు దాటిన పిమ్మటను ఆడనిండు. నీళ్ళసీసా, వచ్చినపిమ్మట మజ్జిగ మరువకుడు. వానకాలమున ఉరుములు మెరుపులు తోచినచో చెట్టుక్రింద నిలువక ఇల్లు చేరవలెనని పిల్లలకు ముందే నేర్పి యుంచుడు. చిరుజల్లులో తడిసిన మాత్రమున కొంప మునుగదు.

ఇంతవరకు చెప్పినవి అందరు పిల్లలకును సమానముగా అందుచున్నవా? ఏ ఆటస్థలమునకైనను సాయంకాలము పోయి చూడుడు. ఏడెనిమిదేండ్ల వరకు ఆడపిల్లలు మగపిల్లలు కలిసి కనబడుదురు. పది పండ్రెండేండ్లు వచ్చునప్పటికి ఆడపిల్లలు మాయమగుదురు. మైదానమంతయు క్రికెట్టు ఆడు అబ్బాయిలదగును. ఇంటిలో చిన్నతమ్ముని ఎత్తుకొనుట, వంటయింట సాయపడుట అమ్మాయి వంతగును. ఎముక గట్టిపడు వయస్సున, స్నేహములు కుదురు వయస్సున ఆమెకు ఆట దూరమగుట అన్యాయము. వారమునకు కొన్ని సాయంకాలములు మైదానములో కొంతభాగము ఆడపిల్లల ఖోఖోకు, త్రోబాలుకు కేటాయించుట పేటపెద్దలు చేయదగిన పని. తల్లులు పదిమంది కూడి కూతుళ్ళను వెంటబెట్టుకొని వచ్చినచో సగము భయము, సగము సంకోచము తీరిపోవును.

చక్రములకుర్చీలో తిరుగు పిల్లకు ద్వారమువద్ద నాలుగు మెట్లే నాలుగు కొండలు. ఒక చిన్న వాలుదారి కట్టినచో ఆమెయు లోనికి రాగలదు. మన ఇండ్లలో పనిచేయువారి పిల్లలు, వాచ్‌మనుగారి పిల్లలు అదే ఆవరణలో నివసింతురు. ఊయల ఎక్కబోయినచో వారిని అదలించు పెద్దలు లేకపోలేదు. పిల్లలు స్వయముగా ఆ భేదమును పాటింపరు, మనమే నేర్పుచున్నాము. పంటలు వేయుటకు చేయి చాచిన ప్రతివారును ఆటలోనివారే అనుట పిల్లల ధర్మము. పెద్దలు దానిని చెరుపకున్న చాలును.

చివరి విషయము, లేనిచోట సంపాదించుకొనుట. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణము విశ్రాంతిని, తీరికను, ఆటను పిల్లల హక్కుగా చెప్పినది. భారతదేశము 1992లో ఆ ఒడంబడికలో చేరినది. 2009 నాటి విద్యాహక్కు చట్టపు షెడ్యూలులో పాఠశాలకు ఉండవలసినవానిలో ఆటస్థలము ఒకటి. కేంద్ర పట్టణాభివృద్ధి మంత్రిత్వశాఖ 2015లో వెలువరించిన ప్రణాళికా మార్గదర్శకములు నగరవాసికి తలకు 10 మొదలు 12 చదరపు మీటర్ల బహిరంగస్థలము ఉండవలెనని సూచించుచున్నవి. కావున ఆటస్థలమును కోరుట ప్రభుత్వమును దయ యాచించుట కాదు.

పేటవాసులు చేయదగిన పనులు మూడు కలవు. మీ లేఅవుటు నక్షాను సంపాదించి అందులో ప్రజలకొరకు విడిచిన స్థలము ఎక్కడ ఉన్నదో చూడుడు. 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద దరఖాస్తు పెట్టి నకలు కోరవచ్చును. ఆ స్థలము ఆక్రమణకు గురికాకమునుపే శుభ్రపరచి, నాలుగు చెట్లు నాటి, పిల్లలను ఆడనిచ్చినచో వారే దానికి కంచె. రెండవది, బడి విడిచిన పిమ్మట తాళము పడు ప్రభుత్వ పాఠశాల ఆవరణను సాయంకాలము రెండు గంటలు తెరచి యుంచుమని ప్రధానోపాధ్యాయులను, అధికారులను కోరుడు. కావలికి, శుభ్రతకు పేటవారు బాధ్యత వహింపవలెను. మూడవది, ఆదివారము ఉదయము ఒక వీధిని వాహనములకు మూసి పిల్లలకు విడుచుట. గురుగ్రామమున 2013లో ‘రాహగిరి’ అను పేర ఇట్టి ఏర్పాటు మొదలై ఇతర నగరములకును ప్రాకినది. పోలీసువారి అనుమతితో ఒక చిన్నవీధిలో నెలకొక ఆదివారము మొదలుపెట్టవచ్చును.

రేడియోవారు పిల్లలను ఆటకు పొమ్మనుటలో వింత లేదు. శ్రోతలు ‘రేడియో అన్నయ్య’, ‘రేడియో అక్కయ్య’ అని ప్రేమతో పిలుచుకొన్న న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లలకు కథలు వినిపించుటతో తృప్తిపడక, బాలానంద సంఘమును స్థాపించి, వారిని ఒకచోట చేర్చి ఆటపాటలలో పెంచిరి. వినుటకు ఒక వేళ, ఆడుటకు ఒక వేళ అని వారెరుగుదురు. మేమును ఆ మాటయే మనవి చేయుచున్నాము. ఈ పత్రికలోని కార్యక్రమముల పట్టికలో మీరు వినదలచిన వానికి గుర్తు పెట్టుకొనునపుడు, అయిదు మొదలు ఆరున్నర వరకు గల వేళను పిల్లలకొరకు ఖాళీగా విడువుడు. మొదటి వారము చిన్నపిల్లల వెంట మీరును నడచిపొండు. దారి, తోటిపిల్లలు, ఆటయు అలవడిన పిమ్మట వారే తొందరపడి మిమ్ములను విడిచి ముందు పరుగెత్తుదురు.